మధురవాడలో 200 గజాల స్థలం, ప్లాన్ దగ్గరే ఆగిపోయాం, సలహా చెప్పండి

మధురవాడ టీచరమ్మ:

అందరికీ నమస్కారమండీ. విశాఖ మధురవాడలో కొండవాలుకి దగ్గరగా మాకు 200 గజాల స్థలం ఉంది. రోడ్డు తూర్పున, ముఖం 30 అడుగులు, లోతు 60 అడుగులు. పెళ్ళయినప్పటి నుంచి అద్దె ఇళ్ళే, ఇన్నాళ్ళకి సొంతంగా కట్టుకుంటున్నాం, మళ్ళీ కట్టే శక్తి మాకు ఉండదు కాబట్టి ప్లాన్ విషయంలో తొందరపడకూడదని అనుకుంటున్నాను.

ఇంట్లో ఐదుగురం. మా అత్తయ్యగారికి 71 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, గోడ పట్టుకుని నడుస్తారు, రాత్రి రెండు మూడుసార్లు బాత్రూమ్‌కి లేస్తారు. పాప టెన్త్, బాబు ఆరో తరగతి. మావారికి షిఫ్ట్ డ్యూటీ, నైట్ షిఫ్ట్ వారంలో పగలు పడుకోవాలి.

మాకు గీసిచ్చిన ప్లాన్ ఇలా ఉంది. ముందు కారుకి 16 అడుగులు, వెనక 4, పక్కల మూడున్నర మూడున్నర వదిలితే కట్టేది 23 × 40. లోపలికి రాగానే హాలు, పై అంతస్తు దాకా తెరిచి డబుల్ హైట్, రోడ్డు వైపు రెండు అంతస్తుల ఎత్తు గ్లాసు. హాలు మధ్యలోంచి మెట్లు. ఆగ్నేయంలో ఓపెన్ కిచెన్. నైరుతిలో మా బెడ్‌రూమ్ 12 × 13, వాయువ్యంలో అత్తయ్యగారికి 11 × 11. మా గదికి అటాచ్డ్ ఉంది, అత్తయ్యగారికి లేదు, మెట్ల కింద కామన్ టాయిలెట్ ఇచ్చారు. పైన మూడు బెడ్‌రూమ్‌లు, మూడు బాత్రూమ్‌లు, బాల్కనీ.

బొమ్మ చూస్తే చాలా బాగుంది. మావారికి, పిల్లలకి బాగా నచ్చింది. నాకే ఎక్కడో గుచ్చుకుంటోంది, ఏంటో చెప్పలేకపోతున్నాను. పైగా మావారు మెట్లు బయట పెడదాం, రేపు పై వాటా అద్దెకి ఇచ్చుకోవచ్చు అంటున్నారు. నాకేమో పిల్లలు బయటి మెట్ల మీదుగా వచ్చి పోతుంటే ఎవరు ఎప్పుడు వచ్చారో తెలీదని భయం. మా పెద్దాడపడుచు వాస్తు చూపించకుండా ఒక్క గీత కూడా గీయొద్దంటోంది. రాత్రిళ్ళు నిద్ర పట్టక కాయితం మీద గదులు గీసి చెరుపుతున్నాను. మీలో కట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఏది మార్చాలో చెప్పండి, మొహమాటం లేకుండా చెప్పండి.

పెందుర్తి గృహిణి:

మేము ఇల్లు కట్టుకుని ఆరేళ్ళయింది అక్కా. మీ ప్లాన్ చదువుతుంటే మా ఇల్లే కళ్ళ ముందు కనపడింది, అందుకే రాస్తున్నాను.

మొట్టమొదట ఆ ఓపెన్ కిచెన్ సంగతి. మాదీ ఆగ్నేయంలోనే, మాదీ ఓపెనే. వారానికి రెండుసార్లు వంజరం వేపుడు, వానాకాలంలో ఎండు నెత్తళ్ళు, ఇవి లేకుండా మా ఇంట్లో ముద్ద దిగదు. పొయ్యి వెలిగించిన పావుగంటకి వాసన హాల్లోంచి మెట్ల మీదుగా పై బెడ్‌రూమ్‌లోకి వెళ్ళిపోతుంది, ఆరేసిన బట్టలకి కూడా పడుతుంది. చిమ్నీ పెట్టాం, తగ్గింది కానీ పోలేదు. నాలుగో ఏడు మధ్యలో గోడ కట్టించి స్లైడింగ్ తలుపు పెట్టించుకున్నాం, ఆ గోడ ఇల్లు కట్టేటప్పుడే లేపి ఉంటే దుమ్మూ ధూళీ లేకుండా అయిపోయేది.

రెండోది, అంట్లు తోముకోవడానికి, వాషింగ్ మెషీన్‌కి మీ ప్లాన్‌లో చోటు ఎక్కడుంది? మీరు రాసినదాంట్లో నాకు కనపడలేదు. వంటగది ముందు వైపుకి వచ్చేస్తే తోమే అంట్లు, తడి బట్టలు, చెత్త బుట్ట అన్నీ గేటు తీయగానే కనిపిస్తాయి. వంటగదికి ఆనుకుని మూడడుగుల వెడల్పున్నా సరే ఒక వాష్ ఏరియా ఉండాలి, అందులో కుళాయి, డ్రైనేజీ, ఒక ప్లగ్ పాయింటు ఉండాలి.

ఇంకొకటి, పైన మూడు బాత్రూమ్‌లు ఎందుకు? కట్టించుకున్న మాకు తెలుసు, కడగాల్సింది మనమే. ఆ డబ్బు కింద అత్తయ్యగారికి మంచి బాత్రూమ్ మీద పెట్టండి. మెట్ల కింద టాయిలెట్ అంటే నాకు చదువుతుంటేనే బాధేసింది. ఆవిడ అర్ధరాత్రి హాలంతా దాటి, వంగి ఆ తలుపులోకి దూరాలి కదా.

వాస్తు మీద నమ్మకమున్న ఒకాయన:

టీచరమ్మ గారూ, ఆడపడుచు గారి మాట తీసిపారేయకండి, అలాగని భయపడకండి కూడా. మూడు తరాలుగా మా ఇంట్లో వాస్తు చూస్తాం. తూర్పు ముఖం స్థలానికి పట్టుకోవలసినవి కొన్నే. సింహద్వారం తూర్పు గోడకి ఈశాన్యం వైపు సగంలో రావాలి, ఈశాన్యం మూలలో టాయిలెట్టూ మెట్లూ రాకూడదు, నైరుతి బరువుగా ఉండాలి, పక్కల ఖాళీ దక్షిణం కంటే ఉత్తరాన ఎక్కువ ఉండాలి, కనీసం తగ్గకూడదు. వంటకి ఆగ్నేయం మొదటి మాట. కుదరకపోతే వాయువ్యం పెట్టుకోమనే పెద్దలు చెప్పారు, అది దోషం కాదు, వండేటప్పుడు తూర్పు ముఖంగా నిలబడితే చాలు. నైరుతి గది ఇంటి పెద్దది. మీ ఇంట్లో పెద్ద మీ అత్తయ్యగారే కదా, కింద ఆ గది ఆవిడకిచ్చి దాని పైగది మీరు తీసుకోండి.

ఒక్క మనవి, ఇద్దరు ముగ్గురు వాస్తు వాళ్ళని అడగొద్దు. ఒకరిని నమ్మండి, పునాది తియ్యకముందే అడగండి. గోడలు లేచాక పగలగొట్టమనేవాళ్ళ వల్ల ఇల్లూ పాడవుతుంది, మనసూ పాడవుతుంది.

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:

అమ్మా, ముప్పై ఏళ్ళకి పైగా విశాఖ చుట్టుపక్కల సైట్ల మీదే తిరిగినవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు చిన్న కూడిక చెయ్యండి. మీ గది 12, అత్తగారి గది 11, కలిపితే 23. మీ ఇంటి బయటి కొలత కూడా 23. మరి గోడలు ఎక్కడున్నాయి? బయటి గోడలు 9 అంగుళాలవి రెండు, మధ్య గోడ నాలుగున్నర అంగుళాలది ఒకటి, ఇవి తీసేస్తే లోపల మిగిలేది 21 అడుగుల చిల్లరే. ప్లాస్టరింగ్‌కి ఇంకో అంగుళమో రెండో పోతుంది. అంటే 12 అన్న గది పదకొండు, 11 అన్న గది పది. ఆరడుగుల మంచం, రెండడుగుల బీరువా పెట్టాక మనిషి నడవడానికి రెండడుగులే మిగులుతుంది. ప్లాన్ గీసినవారితో ప్రతి గదికీ గోడ లోపలి నుంచి లోపలికి కొలత వేయించండి, మంచం, బీరువా, డైనింగ్ టేబుల్, ఫ్రిజ్, తలుపు తెరుచుకునే గీత కూడా అందులోనే గీయించండి. ఇంత చేశాక గానీ నిజం బయటపడదు.

ఇప్పుడు గాలి. విశాఖ తీరం సరిగ్గా ఉత్తరం దక్షిణంగా ఉండదు, ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా ఉంటుంది, సముద్రం మనకి ఆగ్నేయాన ఉంటుంది. అందుకే మధ్యాహ్నం సముద్రపు గాలి ఆగ్నేయం, దక్షిణం వైపు నుంచి తిరుగుతుంది. ఎండాకాలం, వానాకాలం వీచే గాలి కూడా ఎక్కువగా దక్షిణం, నైరుతి దిక్కులదే. పెందుర్తి అమ్మాయి చెప్పిన వేపుడు వాసనకి కారణం ఇదే, గాలి వచ్చే మూలలో పొయ్యి ఉంటే పొగని ఆ గాలే ఇల్లంతా మోస్తుంది. పైన ఒకాయన చెప్పినట్టు వాయువ్యంలో పెట్టుకుంటే గాలి ఇల్లు దాటి చివరికి వంటగదిలోకి వచ్చి అటే బయటికి పోతుంది. మన ఊళ్ళో మటుకు నేను వాయువ్యానికే ఓటేస్తాను.

దక్షిణం మనకి మంచిది కాదని కిటికీలు మూసేసే అలవాటు ఒకటుంది. దయచేసి అలా చెయ్యకండి. ఎండ లెక్క చూడండి. మనం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్ట మధ్యాహ్నం సూర్యుడు మనకి కాస్త ఉత్తరానే ఉంటాడు, దక్షిణం గోడ మీద ఆ వేళ ఎండ పడనే పడదు. డిసెంబరులో 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, అప్పుడు రెండడుగుల సన్‌షేడ్ ఉన్నా కిటికీ కింది సగంలోంచి ఎండ లోపలికి వస్తుంది, చలికాలంలో అది హాయి. మండించేది పడమర. సాయంత్రం ఎండ వాలుగా వస్తుంది కాబట్టి ఏ సన్‌షేడూ ఆపలేదు. అందుకని పడమటి గోడకి బాత్రూమ్, బీరువాలు, అటకలు పెట్టి, కిటికీలు చిన్నవి పెట్టుకోవాలి.

వీటన్నిటినీ కలిపి మీ 23 × 40లోనే నేను కాయితం మీద వేసి చూశాను. తూర్పున ఈశాన్యం వైపు హాలు, పద్నాలుగున్నర × 14. దాని పక్కన ఆగ్నేయంలో మెట్ల గది, ఆరున్నర × పదమూడున్నర. మధ్యలో ఇంటి వెడల్పంతా డైనింగ్, 21 × 10, దక్షిణానికీ ఉత్తరానికీ కిటికీలు ఎదురెదురుగా. వెనక నైరుతిలో అత్తగారి గది 11 × పదమూడున్నర. వాయువ్యం వైపు డైనింగ్‌ని ఆనుకుని వంటగది సుమారు 10 × 8, దాని వెనక పడమటి గోడకి 10 × 5 బాత్రూమ్, అత్తగారి గదిలోంచి తలుపు. అంట్లకి, మెషీన్‌కి వంటగది తలుపు తీయగానే ఉత్తరం సందులో చోటుంది. పూజకి హాలు, డైనింగ్ మధ్య ఉత్తరం వైపున అలమర సరిపోతుంది.

మెట్ల తగవు కూడా దీంతో తీరుతుంది. ఆగ్నేయం మెట్ల గదికి రెండు తలుపులు పెట్టండి, ఒకటి హాల్లోకి, ఒకటి వరండాలోకి. ఇప్పుడు వరండా తలుపు మూసి ఉంచండి, పిల్లలు మీ కళ్ళ ముందు నుంచే ఎక్కుతారు. రేపెప్పుడో అద్దెకివ్వాలంటే హాలు తలుపు మూసి వరండాది తెరవండి. ఒక్క గోడ కూడా పగలగొట్టక్కర్లేదు. స్లాబు నుంచి స్లాబుకి 10 అడుగులైతే 6 అంగుళాల మెట్లు ఇరవై వస్తాయి, పది ఎక్కాక చదును, మళ్ళీ పది. జాగా కలిసొస్తుందని ఏడున్నర పెడతానంటారు మేస్త్రీలు, ఒప్పుకోకండి. మెట్ల గది పైన డాబా మీద వచ్చే హెడ్‌రూమ్‌లో నాలుగు వైపులా చిన్న కిటికీలు పెడితే ఇంట్లోని వేడి గాలి ఆ దారినే పైకి పోతుంది. మీ పక్క స్థలాల్లో రేపు ఇళ్ళు లేస్తాయి, అప్పుడు దక్షిణం సందు ఇరుకై గాలి తగ్గుతుంది, ఆ రోజుకి ఈ మెట్ల గదే మీకు ఊపిరి.

డబుల్ హైట్ సంగతి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను, వద్దు. మన దేశపు కట్టడాల కోడ్ ప్రకారం విశాఖకి లెక్కలో తీసుకోవలసిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. రెండు అంతస్తుల ఎత్తు గ్లాసు ఆ గాలికి నిలబడాలంటే దాని ఫ్రేమూ బీములూ వేరే లెక్క, ఖర్చూ వేరే. పైగా హాల్లో మాట్లాడే ప్రతి మాటా, టీవీ చప్పుడూ పై గదుల్లోకి వెళ్తుంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి ఎలా నిద్రపోతాడు?

కాంక్రీటు ఎం30 గ్రేడుకి తగ్గకుండా వేయించండి, ఊచలు కాంక్రీటు అంచుకి రాకుండా నిలిపే కవర్ బ్లాకులు మీరే దగ్గరుండి పెట్టించండి, ఉప్పు గాలి ఊరిది. అది వేరే చర్చ, అప్పుడు అడగండి చెప్తాను.

మధురవాడ టీచరమ్మ:

సార్, మీరు రాసింది మూడుసార్లు చదివాను. 12, 11 కూడిక చూసి మావారు స్కేలు తెచ్చి కొలిచారు, నిజమే, గోడలకి చోటే లేదు. ఇన్ని రోజులు నాకు గుచ్చుకుంటున్నది ఏంటో ఇప్పుడు తెలిసింది, ఆ బొమ్మలో ఇల్లుంది కానీ అందులో మేము లేము.

రెండు అనుమానాలు. మా రోడ్డు కొండ నీళ్ళు దిగే రోడ్డు, అందుకని ఇంటి అడుగు రోడ్డు కంటే రెండున్నర అడుగులు లేపాలని అందరూ అంటున్నారు, మరి అత్తయ్యగారు ఐదు మెట్లు ఎక్కాలి కదా? బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులు చాలా?

గాజువాక కొడుకు:

మేడమ్, ఈ రెండిటికీ నేను చెప్పగలను. మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక రెండున్నరేళ్ళు ఇంట్లో చక్రాల కుర్చీలోనే చూసుకున్నాం. ఆ ఇల్లు మేమే కట్టుకున్నాం, మేమే ఇష్టపడి గీయించుకున్నాం, అయినా ఆ రెండున్నరేళ్ళూ ప్రతి తలుపూ మాతో పోట్లాడింది.

రెండున్నర అడుగులు చాలదు. 30 అంగుళాల్లో ద్వారబంధం, తలుపు మందం పోగా మిగిలేది 25 అంగుళాలు. కుర్చీ వెడల్పు కూడా దాదాపు అంతే, చేతులు గోడకి గీసుకుపోతాయి. మేము నాన్నగారిని ప్రతిసారీ గుమ్మం దగ్గర ఎత్తి లోపలికి తీసుకెళ్ళేవాళ్ళం, అప్పుడు ఆయన ముఖం చూడలేకపోయేవాణ్ణి. మూడడుగుల తలుపు పెట్టించండి, అది బయటికి తెరుచుకోవాలి లేదా పక్కకి జరగాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపు ఆ మనిషికే అడ్డంపడి తెరుచుకోదు. బాత్రూమ్‌కి గడప వద్దు, నీళ్ళు ఆగడానికి అర అంగుళం వాలు చాలు. స్నానం చోటు, కమోడ్ పక్క గోడల్లో రాడ్లకి ఇటుక కట్టేటప్పుడే గట్టి చోటు ఉంచండి. చక్రాల కుర్చీ గుండ్రంగా తిరగడానికి ఐదడుగుల ఖాళీ కావాలి, ఇంజనీరు గారు ఇచ్చిన 10 × 5లో అది కుదురుతుంది, కమోడ్ ఒక చివర, వాష్‌బేసిన్ ఇంకో చివర పెడితేనే.

మెట్ల సంగతి. ర్యాంపుకి అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలి. రెండున్నర అడుగులకి 30 అడుగులు, మీ ముందున్న 16లో అది పట్టదు. మా మేస్త్రీ పట్టించాడు, నిట్టనిలువుగా వచ్చింది, దాని మీద ఒక్కడు కుర్చీ తోయలేడు. మీరు ఇలా చూడండి. కారు పెట్టే చోటునే గేటు నుంచి ఇంటి దాకా అడుగు ఎత్తు లేపుకుంటూ రండి. ఇక మిగిలేది అడుగున్నర, వరండాకి మూడే మెట్లు, రెండు పక్కలా పట్టుకోవడానికి రైలింగు. అదే అడుగున్నరకి ఉత్తరం సందులో 18 అడుగుల ర్యాంపు వేస్తే డైనింగ్ దగ్గర ఉత్తరం తలుపుకి వచ్చేస్తుంది. ఇవాళ ఆవిడకి మెట్లు చాలు, ర్యాంపు వెంటనే కట్టక్కర్లేదు, ఆ తలుపు మాత్రం ఇప్పుడే పెట్టుకోండి. రేపు గ్యాస్ బండ, ఫ్రిజ్, సోఫా కూడా దాంట్లోంచే వస్తాయి.

ఎంవీపీ కాలనీ నుంచి:

ఇంజనీరు గారి మాటకి నాదొకటి కలుపుతున్నాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం. మా హాలు పెద్ద గ్లాసు పగిలాక ఆరుగురం మధ్యనున్న చిన్న గదిలో తలుపు మూసుకుని కూర్చున్నాం. మధ్యలో కాసేపు గాలి ఆగింది, అయిపోయిందనుకుని బయటికి వచ్చాం, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్ళీ మొదలైంది. కాబట్టి ఏ దిక్కు కిటికీ భద్రం అన్న లెక్క ఆ రోజు పనిచెయ్యదు. ఇంటికి నడుమ, పెద్ద కిటికీ లేని ఒక చోటు ఉండాలి.

తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. మా సంపు మూత కారు కింద, మోటారు లేకపోతే నీళ్ళు తీసే దారి లేదు, రోడ్డు నిండా చెట్లు, కారు కదలదు. నీళ్ళు కాళ్ళ కిందే ఉన్నాయి, మేము బిందెలు పట్టుకుని బయట తిరిగాం. మీ సంపు ఈశాన్యంలోనే పెట్టుకోండి కానీ మూత కారు నిలిపే చోట రాకుండా చూడండి, బకెట్టు తాడు దిగేంత వెడల్పుండాలి.

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:

సంపు మాట నేను మర్చిపోయాను, చాలా మంచి మాట. గాజువాక బాబు చెప్పిన ఉత్తరం తలుపు కూడా నా బొమ్మలో లేదు, పెట్టండి.

ఇంకొకటి చెయ్యండమ్మా. కాయితం మీద చూసింది చాలు. ఒక సాయంత్రం నాలుగింటికి సైటుకి వెళ్ళి, టేపు, తాడు, ఒక బస్తా ముగ్గు తీసుకెళ్ళి, గదులన్నీ నేల మీద అసలు కొలతల్లో వెయ్యండి. మంచం కూడా గీయండి. మీ అత్తగారిని తీసుకెళ్ళి అందులో నడిపించండి. నాలుగు గంటలకి ఎందుకంటే ఎండ పడమటి నుంచి ఎలా వస్తుందో, గాలి ఎటు నుంచి తగులుతుందో రెండూ ఒకేసారి తెలుస్తాయి.

మధురవాడ టీచరమ్మ:

ఆదివారం వెళ్ళాం. మొత్తం ఇంటిల్లిపాదీ. ముగ్గు మా బాబే పోశాడు, నేనూ మావారూ టేపు పట్టుకున్నాం, పాప కాయితం చూసి కొలతలు చదివింది.

పాత ప్లాన్ కూడా పక్కనే వేసి చూశాం. అందులో అత్తయ్యగారి మంచం నుంచి మెట్ల కింది టాయిలెట్‌కి ఆవిడ అడుగులు నలభై ఒకటి, మధ్యలో పట్టుకోవడానికి గోడ లేని చోటు హాలంతా. కొత్తదాంట్లో తొమ్మిది అడుగులు, అంతా గోడ వెంటే. మావారు ఇంకేం మాట్లాడలేదు, పాత ముగ్గు కాలితో చెరిపేశారు. డబుల్ హైట్ పోయినందుకు పాప కాస్త చిన్నబుచ్చుకుంది, దానికి పైన తూర్పు గది, రోడ్డు వైపు బాల్కనీ ఇస్తానన్నాను.

గాలి మీరు చెప్పినట్టే ఉంది సార్, డైనింగ్ అనుకున్న చోట నిలబడితే చీర కొంగు ఉత్తరానికి ఎగిరింది. పడమటి ఎండకి వెనక వైపు నిలబడలేకపోయాం, అక్కడ బాత్రూమ్ రావడమే సరి. ఆడపడుచుకి ఫోటో పంపాను, వాయువ్యం వంటగదికి ఒప్పుకుంది, సింహద్వారం ఆరు అంగుళాలు ఉత్తరానికి జరపమంది, జరిపాం. పైన బాత్రూమ్‌లు రెండే, కింది బాత్రూమ్ మీదే ఒకటి వచ్చేలా. హాలుకి వచ్చినవాళ్ళకి విడిగా టాయిలెట్ లేదు, అది ఒక్కటే లోటు, అత్తయ్యగారిది వాడుకుంటారులే అని సర్దుకున్నాం.

ఒక్కటి మాత్రం మేమెవ్వరం అనుకోనిది. నైరుతి గది ముగ్గులో కుర్చీ వేసి కూర్చోబెడితే అత్తయ్యగారు, గది బాగుందమ్మా, కానీ ఇక్కడి నుంచి గేటు కనపడదు కదా అన్నారు. పగలంతా ఒక్కరే ఉంటారు, మేము వచ్చేది చూసుకోవాలని. వరండాలో గోడకి ఆనుకుని అరుగు కట్టిద్దామనుకుంటున్నాం. సార్, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి అరుగు ఎంత ఎత్తుండాలి?

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:

మామూలుగా 16 అంగుళాలు కడతారు, మీరు 18కి తగ్గకండి, తక్కువ ఎత్తు నుంచి లేవడమే ఆవిడకి కష్టం. వెడల్పు 18, వీపు ఆనడానికి గోడ, లేచేటప్పుడు పట్టుకోవడానికి పక్కన ఒక రాడ్డు. ఆగ్నేయం వైపు కట్టండి, మధ్యాహ్నానికి మెట్ల గది నీడ పడుతుంది, సాయంత్రం గాలీ తగులుతుంది.

మధురవాడ టీచరమ్మ:

18 రాసుకున్నాను సార్. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి కొలిచి చూశాం, సరిపోయింది. సవరించిన ప్లాన్ గురువారం చేతికొస్తుంది, గోడ లోపలి కొలతలతో వేయమని చెప్పాను, రాగానే ఇక్కడే పెడతాను, మీరంతా ఒకసారి చూడాలి.